వాడిన నూనెతో బయోడీజిల్ చేసే ముందు జాగ్రత్తలు

నలుగురు కలిసి వాడేసిన వంటనూనె పోగుచేసి, దాంతో బయోడీజిల్ తయారు చేసుకోవడం నిజంగా మంచి పని. కాలువలో పోసే నూనె ఇంధనంగా మారుతుంది, దూరం నుంచి తెచ్చుకునే డీజిల్ కొంతైనా తగ్గుతుంది. కానీ "నూనెతో పనే కదా" అన్న ధీమాతో వంటింట్లోనే మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. అసలు ప్రమాదం నూనెలో కాదు, అందులో కలిపే మిథనాల్ అనే ఆల్కహాల్‌లో, కాస్టిక్ సోడాలో ఉంది.

ముందు మిథనాల్ సంగతి. అది దాదాపు 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అయితే నిప్పు అంటుకునేంత ఆవిరి రావడానికి 11, 12 డిగ్రీలు చాలు. అంటే మామూలు గదిలో మూత తీసి ఉంచిన డబ్బా పక్కన ఒక్క రవ్వ పడినా మంటే. పైగా పగటి వెలుతురులో ఆ మంట సరిగా కనపడదు. కాబట్టి పని జరిగే చోట పొయ్యి, సిగరెట్టు, గ్యాస్ బర్నర్ ఏవీ ఉండకూడదు. కలపడానికి చాలామంది డ్రిల్లింగ్ మెషిన్ వాడతారు. దాని మోటారు లోపల రవ్వలు వస్తూనే ఉంటాయి, దయచేసి వాడకండి. మండే ఆవిర్లు ఉన్నచోట వాడేందుకే తయారైన మోటారు తెచ్చుకోండి. పొడి రసాయనం ఉన్న అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా ఉంచండి. నూనె మంట మీద నీళ్లు పోయొద్దు.

మిథనాల్ విషం కూడా. తాగితేనే కాదు, పీల్చినా, చర్మం మీద పడినా ఒంట్లోకి చేరుతుంది. శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటి నరాన్ని దెబ్బతీసి చూపు పోగొట్టగలదు, ప్రాణమూ తీయగలదు. లక్షణాలు బయటపడటానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. అందుకే ఎవరైనా మింగినా, ఎక్కువగా పీల్చినా "ఇప్పుడు బాగానే ఉన్నాను" అన్న మాట నమ్మకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇది మిథనాల్ అని డాక్టరుకు పేరుతో సహా చెప్పండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు మీదా భరోసా పెట్టుకోకూడదు. గాలి బాగా ఆడే ఆరుబయటే పని చేయండి. తాగునీటి సీసాల్లో మిథనాల్ ఎప్పుడూ పోయకండి.

కాస్టిక్ సోడాను మిథనాల్‌లో కొంచెం కొంచెంగా వేయాలి. మొత్తం ఒకేసారి వేస్తే వేడెక్కి పైకి చిమ్ముతుంది. ఆ ద్రవం చర్మాన్ని కాలుస్తూనే మొద్దుబారుస్తుంది, నొప్పి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. కళ్లను పూర్తిగా కప్పే గాగుల్స్, మోచేతుల దాకా వచ్చే మందపాటి రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, మూసిన బూట్లు వేసుకోండి. డాక్టర్లు వాడే పల్చటి తొడుగులు చాలవు. నీళ్ల కుళాయి దగ్గరే ఉండాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. వెనిగర్ లాంటివి కంట్లో వేయకండి. అల్యూమినియం, జింకు పూత ఉన్న పాత్రలు వద్దు, వాటితో కాస్టిక్ సోడా కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర మంచిది. ఒంటరిగా ఎవరూ ఈ పని చేయొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

నూనెలో నీళ్లుంటే సబ్బు తయారవుతుంది. ముందుగా కొన్ని రోజులు కదపకుండా ఉంచి అడుగు నీళ్లు తీసేయండి, తర్వాత వేడిచేసి మిగిలిన తేమ పోగొట్టండి. అడుగున నీళ్లున్న నూనె వేడెక్కితే పెళ్లున చిమ్ముతుంది. మిథనాల్ ద్రావణం కలిపే ముందు పొయ్యి ఆర్పి, పక్కకు తీసి, నూనె 55 డిగ్రీలకు చల్లారిందని థర్మామీటరుతో చూసుకోండి. నూనె ఎంత ఉందో అందులో ఐదోవంతు కొలతలో మిథనాల్ కలపాలి. తాజా నూనెకు లీటరుకు 3.5 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోతుంది. వాడిన నూనెకు ఆమ్లత కొలిచి దానికి తగినంత పెంచాలి. ఎప్పుడు కొత్త నూనె వచ్చినా ముందు ఒక్క లీటరుతో చేసి చూడండి. ఆమ్లత మరీ ఎక్కువున్న నూనెను గంధకామ్లంతో సరిచేసే పద్ధతి ఉంది, కానీ కొత్తవాళ్లు ఆ జోలికి వెళ్లకుండా అలాంటి నూనె తీసుకోకపోవడమే మేలు.

నూనె బయోడీజిల్‌గా మారాక అడుగున తేరిన గ్లిజరిన్‌లో మిథనాల్ మిగిలి ఉంటుంది. బయోడీజిల్‌ను కడిగిన నీళ్లలో క్షారమూ ఉంటుంది. వీటిని కాలువలో వదిలితే పర్యావరణం కోసం మొదలుపెట్టిన పని దానికే చేటు చేస్తుంది. పారవేయడం ఎలాగో మొదటి డ్రమ్ము నింపకముందే తేల్చుకోండి. మిథనాల్ నిల్వకు, ఇంధనం తయారీకి కావలసిన అనుమతులు కూడా అప్పుడే కనుక్కోండి. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట విడివిడిగా ఆరేయండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి.

ఇంజనులో పోసే ముందు 3 మిల్లీలీటర్ల బయోడీజిల్‌ను 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో కలిపి చూడండి. అడుగున నూనెలా ఏదైనా మిగిలితే మార్పు పూర్తి కాలేదని అర్థం, మళ్లీ చేయాల్సిందే. బాగా వచ్చినా మొదట డీజిల్‌లో కొద్ది పాళ్లలోనే కలపండి. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగించి ఫిల్టరును మూసేస్తుంది, అందుకే ఒక ఫిల్టరు అదనంగా దగ్గరుంచుకోండి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి కారుతున్నాయేమో కొన్నాళ్లపాటు గమనిస్తూ ఉండండి.