తీరం వెంట అద్దె బండి: తాళం తీసుకునే ముందు, తీసుకున్నాక

ఉష్ణమండల తీరంలో బండి మీంచి పడటానికి పెద్ద వేగం అక్కర్లేదు. మలుపులో పరుచుకున్న కాస్త ఇసుక, అలవాటు లేని ముందు బ్రేకు, గంటకు 30 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు. అద్దె బండిని ఇంతకుముందు ఎవరు ఎలా నడిపారో మీకు తెలియదు. దారి ఎలాగూ కొత్తదే. దారిని మార్చలేం కాబట్టి బండినైనా అద్దె కొట్టు ముందే అరగంట నిలబడి పరీక్షించాలి. ఎండ ఎక్కుతోందనో, వెనక ఇంకెవరో ఎదురుచూస్తున్నారనో తొందరపడొద్దు.

కాగితాల సంగతి ముందే తేల్చుకోండి. వేరే దేశంలో నడపాలంటే మీ సొంత లైసెన్సులోనే మోటారు సైకిల్ తరగతి ఉండాలి. కారు తరగతి మాత్రమే ఉన్న లైసెన్సు మీద తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ద్విచక్ర వాహనానికి చెల్లదు. ఈ పర్మిట్లు ప్రధానంగా 1949 జెనీవా ఒప్పందం, 1968 వియన్నా ఒప్పందం కింద రెండు రకాలు. కొన్ని దేశాలు వీటిలో ఒకదాన్నే ఒప్పుకుంటాయి. ప్రయాణ బీమాలో మినహాయింపుల పేజీ తప్పక చదవండి. చెల్లే లైసెన్సు లేకపోయినా, ఇంజను ఇన్ని సీసీలు దాటినా పరిహారం ఇవ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. పోలీసు జరిమానాతో పోతే అదృష్టమే. ఎముక విరిగాక వచ్చే ఆసుపత్రి బిల్లే అసలు దెబ్బ. అసలు పాస్‌పోర్టును మాత్రం తాకట్టు పెట్టకండి. నకలు ఇవ్వండి, కావాలంటే నగదు డిపాజిట్ కట్టండి.

ఇక బండి. మొదట ఫోన్‌తో నాలుగు వైపులా వీడియో తీయండి. గీతలు, విరిగిన అద్దాలు, సైలెన్సర్ సొట్టలు, కిలోమీటర్ల రీడింగ్ అన్నీ అందులో కనపడాలి. యజమాని పక్కనే ఉండగా తీస్తే మరీ మంచిది.

బ్రేకులకు ఎక్కువ సమయం ఇవ్వండి. ముందు లివర్‌ను గట్టిగా నొక్కి పది సెకన్లు అలాగే పట్టుకోండి. మెల్లగా హ్యాండిల్ వైపు జారుతుంటే ఆయిల్ కారుతోందనో, లోపలి సీలు పోయిందనో అర్థం. నొక్కగానే మెత్తగా లోపలికి పోతే గొట్టంలో గాలి చేరింది. డిస్కు బ్రేకు ప్యాడ్‌ను టార్చి వేసి చూడండి. మిగిలిన మందం 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే వేరే బండి అడగండి. ముందు బ్రేకు నొక్కిపట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే టకటకమని చప్పుడు రాకూడదు. వచ్చిందంటే హ్యాండిల్ బేరింగులు వదులయ్యాయి.

టైరు గాడిలో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు వాటి ఎత్తు దాకా అరిగితే పని అయిపోయినట్టే. పక్క గోడ మీద ముద్రించిన నాలుగంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. తీరపు ఎండకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. గాడి లోతుగా కనిపించినా, ఐదారేళ్లు దాటి పక్కల పగుళ్లు తేలిన టైరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. గాలి ఎంత ఉండాలో చెయిన్ కవరు మీదో సీటు కిందో స్టిక్కరు చెబుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు అందులో రాసినంత పెంచాలి.

హెల్మెట్‌కు పట్టీ బిగించాక తలను గట్టిగా అటూ ఇటూ ఊపండి. జారితే మార్చమనండి. లోపలి థర్మకోల్ పగిలి ఉంటే అది టోపీతో సమానం. చేతి తొడుగులు సొంతవి తీసుకెళ్లండి. పడేటప్పుడు అరచేతులే ముందు నేలను తాకుతాయి. వేళ్లు బయట ఉండే చెప్పులతో నడపడం మానుకోండి.

బయలుదేరాక మొదటి కిలోమీటరు ఖాళీ రోడ్డు మీదే నడపండి. గేర్ల బండికి అలవాటుపడ్డవాళ్లు స్కూటర్ ఎక్కితే ఒక చిక్కుంది. అక్కడ ఎడమ లివర్ క్లచ్ కాదు, వెనక బ్రేకు. కంగారులో పాత అలవాటుతో దాన్ని గట్టిగా పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుని జారుతుంది. ఎవరూ లేనిచోట నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు రెండు బ్రేకులూ వాడి చూస్తే చేతికి అలవాటవుతుంది. పెట్రోల్ ముల్లును నమ్మొద్దు. అద్దె బండి చాలాసార్లు దాదాపు ఖాళీ ట్యాంకుతోనే చేతికొస్తుంది. ముందు బంకుకు వెళ్లి నింపి, రీడింగ్ రాసుకుని, కిలోమీటర్ల లెక్కనే పెట్టుకోండి.

దారిలో ప్రధాన శత్రువు ఇసుక. బీచి బాటలు తారురోడ్డును కలిసే చోట, గాలికి తెరిచి ఉన్న మలుపుల్లో పల్చగా పరుచుకుని ఉంటుంది, ఎండలో రోడ్డు రంగులో కలిసిపోతుంది. వేగం తగ్గించాల్సింది మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే. వంగి ఉన్న బండికి ఇసుక మీద ముందు బ్రేకు వేస్తే ముందు చక్రం జారిపోతుంది. లోతైన ఇసుకలో హ్యాండిల్‌ను బిగపట్టకుండా, బరువు కాస్త వెనక్కి వేసి, యాక్సిలరేటర్ ఒకే తీరుగా ఇవ్వాలి. చిన్న చక్రాల స్కూటర్ మాత్రం అక్కడ దిగబడిపోతుంది. దాన్ని పక్కన పెట్టి నడిచివెళ్లడమే తెలివి.

వాన మొదలైన పది పదిహేను నిమిషాలు రోడ్డు అత్యంత జారుడుగా ఉంటుంది. దుమ్ము, ఆయిల్ నీటితో కలిసి పైకి తేలతాయి. తెల్ల గీతలు, ఇనుప మూతలు, చెక్క వంతెనలు, కుళ్లిన ఆకులు తడిస్తే మరీ ప్రమాదం. ముందు బండికి మీకూ మధ్య పొడిలో రెండు సెకన్లు దూరం పెడితే తడిలో నాలుగు ఉంచండి. అక్కడి కుండపోతలు చాలావరకు త్వరగానే వెలుస్తాయి కాబట్టి ఆగడమే మంచిది. ఆగేది చెట్టు కింద మాత్రం కాకూడదు. ఉరుములు వినిపిస్తే చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలొద్దు.

రోడ్డు మీద పారే నీటి అడుగు కనపడకపోతే దిగకండి. కనపడినా చక్రం ఇరుసు ఎత్తు దాటితే వెనక్కి తిరగండి. నీళ్లలో ఇంజను ఆగిపోతే స్టార్ట్ బటన్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే పిస్టన్ దాన్ని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి మెకానిక్‌ను పిలవండి. దాటగలిగితే, అవతల కాసేపు బ్రేకులు తేలిగ్గా నొక్కుతూ నడిపి ఆరబెట్టండి.

కొండ మీంచి సముద్రం వైపు దిగే బాగా వాలైన దారుల్లో గేర్లు లేని స్కూటర్‌కు ఒక లోపం ఉంది. యాక్సిలరేటర్ వదిలి వేగం బాగా తగ్గితే లోపల దానంతటదే పనిచేసే క్లచ్ విడిపోతుంది, ఇంజను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆపకుండా నొక్కితే అవి వేడెక్కి పనిచేయడం మానేస్తాయి. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. బ్రేకును నొక్కుతూ వదులుతూ దిగండి. కాలిన వాసన వస్తే పావుగంట ఆగండి. వేడి డిస్కు మీద నీళ్లు పోయొద్దు.

తడి ఇసుక గట్టిగా ఉందని సముద్రపు అంచున బండి నడపాలని చాలామందికి ఆశ. ఉప్పునీరు చెయిన్‌ను, బేరింగులను తినేస్తుంది, పైగా ఎన్నో చోట్ల అది నిషేధం. చాలా తీరాల్లో రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. కొండ కింది బాటలు, నీటి మధ్య కట్టలు దాటేముందు ఆ రోజు పోటు వేళలు చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరింత ఎక్కువ.

భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు అస్తమించాక సంధ్యకాంతి కొద్దిసేపే, ఇరవై నిమిషాలు దాటితే చీకటే. బలహీనమైన హెడ్‌లైట్, వెచ్చని తారు మీద పడుకున్న పశువులు, కుక్కలు కలిస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. అస్తమయానికి గంట ముందే గమ్యం చేరేలా బయలుదేరండి.

సైలెన్సర్ ఎక్కువగా కుడివైపు ఉంటుంది, అందుకే ఎడమవైపు నుంచే దిగాలి. పిక్క కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లని మంచినీటి కింద ఉంచండి. టూత్‌పేస్టు, నూనె పూయకండి. పుండు మానేదాకా సముద్రంలో దిగకండి. ఇసుక నేల మీద సైడ్ స్టాండు కింద చదునైన రాయి పెట్టాలి. కాయలున్న కొబ్బరిచెట్టు కింద బండీ పెట్టకూడదు, మనిషీ నిలబడకూడదు.

తిరిగిచ్చే ముందు మంచినీటితో కింది భాగాలు కడగండి. పగటి వెలుగులోనే అప్పగించండి. మొదటి వీడియో పక్కన పెట్టుకుని యజమానితో కలిసి గీతలు చూపించి, డిపాజిట్ చేతికొచ్చాకే తాళం ఇవ్వండి.