కొత్తగా కొన్న పాత కారుకి పన్ను బాకీ తాళం పడితే

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు. జిరాక్సులు తీస్తూ, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న షాపు నడుపుతాను. ఊళ్లో సగం మంది ఆర్సీలు, లైసెన్సులు నా చేతుల మీదుగానే వెళ్లుంటాయి. అలాంటిది నేను కొన్న కారుకే రోడ్డు పన్ను బాకీ కింద చక్రానికి తాళం వేశారు. ఆ రోజు ఏం చేశానో, ఏం చేయాల్సిందో మొత్తం రాస్తున్నాను. మన సరిహద్దు ఊళ్లలో ఇది ఎవరికైనా జరగొచ్చు.

కారు కొన్న తొమ్మిదో రోజు అది. అమ్మని శ్రీకాకుళంలో గుండె డాక్టరుకి చూపించాలని పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటకముందే ఆర్టీఓ వాళ్ల తనిఖీ. ఆర్సీ చూశారు, ఇన్సూరెన్సు చూశారు, నంబరు ఫోన్లో కొట్టి చూశారు. ఆంధ్ర నంబరు బండి. కానీ దాని మీద ఒడిశాలో పడిన పాత చలానాలు తేదీలతో సహా వరుసగా వచ్చాయి. అంటే నాకు అమ్మినాయన దాన్ని నాలుగేళ్లు ఇక్కడే తిప్పాడు, ఇక్కడ పన్ను కట్టలేదు. "నేను కొని తొమ్మిది రోజులే అయింది సార్" అన్నాను. తనిఖీ ఆఫీసరు తెలుగులోనే చెప్పాడు: "మీరు మొన్న కొన్నారు బాబూ, బండి మాత్రం నాలుగేళ్ల కిందటే వచ్చింది."

ముందు చక్రానికి ఇనుప పట్టీ బిగించి తాళం వేశారు. ఆ చప్పుడుకి వెనక సీట్లో అమ్మ ఈసీజీ కాగితాల సంచి గుండెలకి హత్తుకుని "ఏటయింది నాయనా?" అంది. ఆ మాట నాకింకా వినిపిస్తూనే ఉంది.

అందుకే మొదటి పని కాగితాలు కాదు, మనుషులు. బండిలో రోగులున్నా, పిల్లలున్నా, పరీక్షకి వెళ్లేవాళ్లున్నా ముందు వాళ్లని వేరే దారిలో పంపేయండి. నేను అమ్మని, మా చెల్లిని ఆటో ఎక్కించి పాతపట్నం పంపాను, అక్కణ్ణుంచి బస్సు. వాళ్లు వెళ్లాక నా బుర్ర పనిచేయడం మొదలైంది. పక్కన అమ్మ కంగారు పడుతూ ఉంటే ఎవరైనా ఎంత అడిగితే అంత చేతిలో పెట్టేస్తారు.

ఇక కాగితం. తాళం వేసినా, బండిని యార్డుకి తీసుకెళ్లినా తనిఖీ రిపోర్టు ఇస్తారు. దాన్ని మన వైపు వీసీఆర్ అంటారు, లేదంటే ఈ-చలానా. అది చేతికి రాకుండా అక్కణ్ణుంచి కదలొద్దు. బండి నంబరు, ఛాసిస్ నంబరు, తేదీ, సమయం, ఏ తప్పుకి పట్టుకున్నారు, ఏ ఆఫీసుకి వెళ్లాలి, ఇవన్నీ అందులో ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి. ఒడియాలో చేత్తో రాసి ఇస్తే, చదవడం రాకపోతే, సిగ్గుపడకుండా చదివి చెప్పమని అడగండి. నేను కొంచెం చదవగలను. అయినా "బకాయి ఏ తేదీ నుంచి" అన్న ఒక్క మాట అడిగి రాయించుకున్నాను. తర్వాత లెక్కంతా ఆ తేదీ మీదే నడిచింది.

కాగితం రాగానే ఫొటోలు. నాలుగు వైపులా, నాలుగు టైర్లు, స్టెప్నీ, జాకీ, డాష్‌బోర్డు మీద కిలోమీటర్ల అంకె, పెట్రోలు ముల్లు. నాది 68,412 దగ్గర ఉంది. బండిలోంచి ఒరిజినల్ కాగితాలు, డబ్బు, ఫోను ఛార్జర్ దాకా అన్నీ తీసేసుకోండి. తాళాన్ని మాత్రం ముట్టుకోవద్దు. టైరు విప్పి స్టెప్నీ వేసుకుని పోదామని సలహా ఇచ్చేవాళ్లు ఆ పది నిమిషాల్లోనే ముగ్గురు తయారయ్యారు. అలా చేస్తే పన్ను బాకీ కాస్తా కేసవుతుంది.

"నాకిచ్చేయండి, విడిపించేస్తాను" అని వచ్చేవాళ్లూ ఉంటారు. పన్నుకైనా జరిమానాకైనా రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రసీదు లేని డబ్బు రేపు రికార్డులో కనిపించదు, బాకీ అలాగే ఉంటుంది, మళ్లీ ఇంకో మలుపులో ఇంకో తాళం పడుతుంది. మా షాపుకి అలా రెండోసారి దొరికినవాళ్లు వచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. పన్ను బాకీ అన్నప్పుడు అది ఏ రకం బాకీయో ముందు తేల్చుకోవాలి. దారి దాన్నిబట్టే ఉంటుంది.

మనకి ఎక్కువగా తగిలేది నాకు తగిలిన రకమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది. చుట్టాలు, సంతలు, డాక్టర్లు మాత్రం అటూ ఇటూ ఉండిపోయారు. బండ్లు కూడా అంతే. ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ కట్టిన కారుకి ఆన్‌లైన్లో పన్ను గడువు దగ్గర ఎల్‌టీటీ అని కనిపిస్తుంది. అది చూసి అంతా సరిగ్గానే ఉందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ పన్ను ఆంధ్రకి కట్టింది. బండిని ఒడిశాలో ఉంచి వాడితే ఒడిశా పన్ను వేరే ఉంటుంది. "12 నెలల వరకు ఏమీ అక్కర్లేదు" అనే మాట మీరూ వినే ఉంటారు. 1988 మోటారు వాహనాల చట్టంలో ఆ 12 నెలలు కొత్త రాష్ట్రం నంబరు తీసుకోవడానికి పెట్టిన గడువు. పన్ను లెక్క దానిది కాదు, దానికి ఒక్కో రాష్ట్రానికి సొంత పన్ను చట్టం ఉంది.

రెండో రకం, పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకి మార్చిన బండి. ట్యాక్సీలకి పన్ను గడువుల వారీగా కట్టాలి. మధ్యలో ఎక్కడైనా ఆపేసి ఉంటే అది బాకీగా ఉండిపోతుంది. మూడోది, 15 ఏళ్లు దాటిన కారు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. రెన్యువల్ చేయించని బండి దొరికితే పన్నుతోపాటు రిజిస్ట్రేషన్ లేదన్న తప్పు కూడా మీద పడుతుంది.

ఏ రకమైనా ఒకటి మాత్రం మనసుకి పట్టించుకోండి, నన్ను బాగా బాధపెట్టింది ఇదే. బాకీ పాత యజమానిదే అయినా, ఇప్పుడు బండి ఎవరి చేతిలో ఉందో వాళ్లని అడుగుతారు. ఒడిశా 1975 పన్ను చట్టం ప్రకారం పన్ను కట్టకుండా బండి చేతులు మారితే తీసుకున్నవాళ్లు కూడా ఆ బాకీకి బాధ్యులే. నేను ఆర్టీఓ ఆఫీసు కౌంటర్ దగ్గర అరగంట వాదించాను. ఉపయోగం లేదు. నా వెనక లైన్లో పెద్దాయన ఒకరు భుజం మీద చెయ్యేసి "ముందు బండి విడిపించుకో నాయనా, అమ్మినాయన్ని తర్వాత పట్టుకుందువు" అన్నారు. అదే సరైన వరస.

ఆఫీసుకి వెళ్లేటప్పుడు వీసీఆర్, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, అమ్మకం ఒప్పందం, డబ్బు ఇచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, ఒక్కోటి రెండేసి జిరాక్సులతో పట్టుకెళ్లండి. ఒక పేజీ దరఖాస్తు రాయండి. నేను ఇంగ్లిషులో రాశాను: బండి ఎప్పుడు కొన్నాను, ఎవరి దగ్గర కొన్నాను, ఎక్కడ పట్టుకున్నారు, పన్ను కట్టడానికి సిద్ధంగా ఉన్నాను, లెక్క రాతపూర్వకంగా ఇప్పించండి. అంతే. కష్టాలు రాయలేదు. కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను.

లెక్కలో పన్ను ఎంతో, జరిమానా ఎంతో వేరువేరుగా రాయించుకోండి. పన్ను బండి ధర, వయసు చూసి వేస్తారు కాబట్టి ఆర్సీలో ఉన్న తయారీ నెల, రిజిస్ట్రేషన్ తేదీ సరిగ్గా ఎక్కించారో లేదో చూసుకోండి. నా బండి 2015లో రిజిస్టర్ అయింది. గుమాస్తా 2018 అని కొట్టాడు. బండి మూడేళ్లు కొత్తదైపోతే పన్ను పెరుగుతుంది. మర్యాదగా ఆర్సీ ముందు పెట్టి "ఒక్కసారి తేదీ చూడండి సార్" అన్నాను, వెంటనే సరిచేశారు.

ఆన్‌లైన్లో కట్టేటప్పుడు ఖాతాలో డబ్బు కట్ అయి రసీదు రాకపోతే మళ్లీ కట్టకండి. బండ్ల పన్నులు కట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ వాహన్ పోర్టల్లో పెండింగ్ లావాదేవీ చూసుకునే చోటు ఉంది, ముందు అక్కడ చూడండి. టెన్షన్‌లో రెండుసార్లు కట్టినవాళ్లని నేను షాపులో చూస్తూనే ఉంటాను, ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం పెద్ద పని. రసీదు వచ్చాక విడుదల కాగితం అడిగి తీసుకోండి. తాళం మీ ఎదుటే తీయించి, టైరు, రిమ్ము, కిలోమీటర్ల అంకె మీ ఫొటోలతో పోల్చుకుని సంతకం పెట్టండి.

బండి ఇంటికొచ్చింది కదా అని వదిలేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆంధ్ర నంబరు బండి అయితే అది రిజిస్టరైన ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదన్న కాగితం తెచ్చుకోవాలి, దానికి ఫారం 28. దాని మీద రికార్డులో ఉన్న యజమాని సంతకం కావాలి, ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర కావాలి. ఫైనాన్సు ఉంటే వాళ్లు రాసిచ్చిన కాగితం, తీరిపోయి ఉంటే ఫారం 35. పాత చలానాలుంటే అవి ముందే కట్టేయండి. ఎన్‌ఓసీ వచ్చాక మన ఆఫీసులో కొత్త నంబరుకి ఫారం 27, యజమాని పేరు మార్పుకి 29, 30. బండి చూపించాలి. మా గజపతి జిల్లాకి ఓడీ 20 సిరీస్. పేరు మార్పుకి కొన్నవాళ్లకి చట్టం ఇచ్చింది 30 రోజులు. మనవాళ్లు సంతకం పెట్టిన 29, 30 బీరువాలో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతారు. ఈలోగా అమ్మినాయన ఊరు మారినా, కాలం చేసినా ఎన్‌ఓసీ ఫారం మీద సంతకం ఎవరు పెడతారు?

ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మార్పించుకోండి, దానికి 14 రోజులు. క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిం బోనస్, మాత్రం మీకు రాదు. అది మనిషి వెంట వెళ్తుంది. పన్ను బాకీ బండి వెంట వస్తుంది.

అమ్మినాయన దగ్గరికి రసీదుల జిరాక్సులు తీసుకుని మా మావయ్యతో కలిసి వెళ్లాను. గొడవ పెట్టుకోలేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా బాకీ ఆయన హయాంలోదో ఎర్ర ఇంకుతో గీసి చూపించాను. మొదట తల అడ్డంగా ఊపాడు. మా ఒప్పందంలో "ఈ తేదీకి ముందున్న పన్నులు, చలానాలు అమ్మినవారివే" అన్న ఒక్క వాక్యం ఉంది. దాన్ని మావయ్య పైకి చదివాడు. రెండు విడతల్లో ఇచ్చాడు. ఆ వాక్యం లేకపోతే లాయరు నోటీసే దిక్కయ్యేది.

అందుకే కొనేముందు ఆ వాక్యం రాయించండి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో పన్ను, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులు చూడండి, ఈ-చలానా పోర్టల్లో నంబరు కొట్టి చలానాలు ఏ రాష్ట్రంలో పడ్డాయో చూడండి. ఆంధ్ర నంబరుకి ఒడిశా చలానాలు పాతవి కనిపిస్తే ఆ బండి రాత్రుళ్లు ఎక్కడ ఆగిందో అవే చెప్తాయి. మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకండి. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా కొంత ఆపండి. నేను ఇప్పుడు షాపుకి వచ్చినవాళ్లకి 20,000 అయినా ఆపమని చెప్తున్నాను.

చివరి పని ఒకటుంది, చాలామంది మర్చిపోతారు. ఇక్కడ పన్ను కట్టి కొత్త ఆర్సీ వచ్చాక, ఆంధ్రలో ఎప్పుడో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ కోసం అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎన్‌ఓసీ, కొత్త ఆర్సీ, ఇక్కడి పన్ను రసీదు జత చేయాలి. నాది పెట్టాను, ఇంకా రాలేదు. దరఖాస్తు నంబరు అమ్మ మందుల చీటీ పక్కనే ఫ్రిజ్ మీద అంటించాను, నెలకోసారి చూస్తున్నాను.