టైమింగ్ బెల్టు బిగువు: రెండు చుట్లు తిప్పాకే చివరి బిగింపు

ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్టును, వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టును కలిపి తిప్పే పళ్ల పట్టీ అయిన టైమింగ్ బెల్టును కొత్తది వేసి కవరు మూసిన తరువాత, అది వదులైందని తెలిసి మళ్లీ అంతా విప్పవలసి రావడం చాలా విసుగు పుట్టిస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, స్పార్కు ప్లగ్గులు తీసి, టెన్షనర్‌ను (బెల్టును బిగువుగా ఉంచే భాగం) తొలి బిగువుకు పెట్టి, క్రాంక్‌షాఫ్టును (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ఇంజిన్ తిరిగే దిశలోనే పానాతో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పితే, బెల్టు పళ్లు పుల్లీలలో సరిగా కూర్చుని, దాగి ఉన్న వదులు బయటపడుతుంది. పుల్లీల మీద, ఇంజిన్ మీద ఉండే టైమింగ్ గుర్తులు మళ్లీ ఒకదానికొకటి కలిశాయని చూసుకున్నాకే బిగువు సరిచేసి, టెన్షనర్ బోల్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (తిప్పే బలం కొలత) బిగించాలి. చేతితో సరిచేసే పాత రకం టెన్షనర్లలో, పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని రెండు వేళ్లతో మెలితిప్పినప్పుడు సుమారు 90 డిగ్రీలు తిరగడం ఉజ్జాయింపు అంచనాగా పనికివస్తుంది. హైడ్రాలిక్ టెన్షనర్‌కు గానీ, సూచిక ముల్లు ఉన్న ఆటోమేటిక్ టెన్షనర్‌కు గానీ ఈ వేళ్ల పరీక్ష చెల్లదు. అక్కడ తయారీదారు చెప్పిన పద్ధతినే పాటించండి.