మైక్రోవేవ్‌లో గిన్నె పెట్టే ముందు

☐ గిన్నె చూశారా? స్టీలు, అల్యూమినియం ఫాయిల్, మెలమైన్ ప్లేట్లు వద్దు. బంగారు అంచు పింగాణీ కూడా వద్దు. మా ఇంట్లో పెళ్లికి వచ్చిన కప్పు ఒకటి చిటపటమని రవ్వలు రాల్చి, గీత నల్లబడి ఊరుకుంది.

☐ మూత బిగించొద్దు, ఆవిరి పోయే సందుండాలి.

☐ రాత్రి పప్పు వేడి చేస్తుంటే సగంలో ఆపి కలపండి. తరంగాలు లోపలికి రెండు మూడు సెంటీమీటర్లే దిగుతాయి. అంచున పప్పు కుతకుతలాడుతున్నా నడుమ ఫ్రిజ్‌ చల్లదనం అలాగే ఉంటుంది. పసివాళ్ల పాలైతే అసలు ఇందులో పెట్టకపోవడమే మేలు.

☐ కాఫీకి నీళ్లా? నున్నటి గాజు కప్పులో నీళ్లు 100 డిగ్రీలు దాటినా బుడగ రాకపోవచ్చు. పొడి వేయగానే ఒక్కసారిగా చేతిమీదికి ఎగదన్నుతాయి. ముందే ఒక చెక్క చెంచా వేసి ఉంచండి, అయ్యాక నిమిషం ఆగి తీయండి.

☐ గుడ్డు పెంకుతో పెట్టొద్దు, పేలుతుంది. ఒలిచిన ఉడుకుగుడ్డు ఇంకా దొంగది: బయటికి తీసి కొరికాక పేలుతుంది. కోసి పెట్టండి.

☐ కరివేపాకు ఆరబెట్టడానికి నాకిదే ఇష్టం, రంగు పోదు. కడిగి, తుడిచి, ఒకే వరసగా పరచి, 30 సెకన్లకోసారి చూడాలి. గలగలమనగానే ఆపేయాలి, లేదంటే మాడి అంటుకుంటుంది.

☐ అంటుకుంటే తలుపు తీయొద్దు. స్విచ్ ఆపి, మంట ఆరేదాకా ఆగండి.