‘చెరువు–గట్టు’ ఆడించే ముందు జాగ్రత్తలు

ఏకాగ్రత కుదరని, తొందరపాటు ఆగని పిల్లలకు ఇది మంచి ఆట. ఆడించేవాళ్లు ‘చెరువు’ అంటే పిల్లలు వలయం లోపలికి, ‘గట్టు’ అంటే బయటికి గెంతాలి. మాట పూర్తిగా వినేదాకా కాలిని ఆపుకోవడమే ఇందులో సాధన.

• ఆరుగురికి మించొద్దు. 3 మీటర్ల వెడల్పు వలయాన్ని ముగ్గుపిండితో గీయండి. తాడు పరిస్తే కాలికి తగులుకుంటుంది.

• మూర్ఛ ఉన్నవాళ్లు ఆ పూట మందు వేసుకున్నారో లేదో అమ్మానాన్నలను అడగండి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది; డాక్టర్ సరేనన్నాకే గెంతించండి, పిల్లిమొగ్గలు వద్దు.

• విజిల్ పక్కన పెట్టండి. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు ఆ శబ్దానికి చెవులు మూసుకుని, ఇక ఆటలోకి రారు. చేయి ఎత్తి చూపితే వినికిడి లోపం ఉన్నవాళ్లకూ అందుతుంది.

• వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకు చేయి పైకెత్తితే గట్టు, ఒళ్లో పెట్టుకుంటే చెరువు.

• తప్పు చేస్తే ‘అవుట్’ అనే నియమం తీసేయండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే ముందు అవుటై, పీరియడంతా కూర్చుండిపోతారు.

• మాటకీ మాటకీ మధ్య మొదట 4 సెకన్లు ఆగండి. ముందే వేగం పెంచితే పిల్లలు మాట వినరు, పక్కవాడి కాళ్లు చూసి గెంతుతారు.

• చెట్టు కింద చాప, మంచినీళ్లు ఉంచండి. చిరాకు పడ్డ బిడ్డ అక్కడ కాసేపు కూర్చోవాలి, శిక్షగా మాత్రం కాదు.