పాత రాతలు చదవడం – పాఠం 4: మూడు పేర్లున్న రోజు

ఒక పాత రాత చేతికొస్తే ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం రాశారని అడగడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఒక్క మాట పట్టుకుని తవ్వుదాం. తొలి క్రైస్తవులు ఆదివారం కూడుకోవడం ఎలా మొదలైందో తెలియాలంటే, ఆ రోజును వాళ్లు ఏమని పిలిచేవారో ముందు చూడాలి.

మీ తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములు 20:7 తీయండి. "ఆదివారమున మేము రొట్టె విరుచుటకు కూడినప్పుడు" అని ఉంటుంది. గ్రీకు మూలంలో ఉన్నది మాత్రం 'వారంలో మొదటి రోజు'. ఇదే మొదటి పేరు. ఆదివారమంటే ఆదిత్యవారం, సూర్యుడి పేరు మీద వచ్చింది. యూదులు రోజులను సబ్బాతు (శనివారం, వాళ్ల విశ్రాంతి దినం) నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టేవారు. 1 కొరింథీయులు 16:2లోనూ ఇదే సంగతి. అనువాదం తప్పని కాదు, రోజు అదే. కానీ పేరు మారితే ఆ పేరు వెనకున్న మనుషులు కనబడకుండా పోతారు.

ఇంకో చిక్కు. కార్యములు 20లోని ఆ కూటంలో, త్రోయ పట్నంలో, పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడాడు, మేడగదిలో దీపాలు వెలుగుతున్నాయి. అది ఏ రాత్రి? యూదుల లెక్కలో సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలవుతుంది, అలాగైతే మన శనివారం రాత్రి. రోమీయుల లెక్కలో ఆదివారం రాత్రి. వాక్యం తేల్చి చెప్పదు. తొందరపడకుండా రెండూ నోట్స్‌లో రాసుకోండి.

రెండో పేరు 'ప్రభువు దినము', ప్రకటన 1:10లో ఉంది. అది ఏ రోజో అక్కడ చెప్పలేదు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ మెగ్నీషియా సంఘానికి రాసిన ఉత్తరం పక్కన పెట్టి చదివితే తెలుస్తుంది: సబ్బాతుకు బదులు ప్రభువు దినం అంటూ, మన జీవం ఉదయించింది ఆ రోజే అంటాడు.

మూడోది 'సూర్యుడి రోజు'. 155 ప్రాంతంలో రోమ్‌లో క్రైస్తవ రచయిత జస్టిన్ వాడాడు. ఎందుకంటే ఆయన రాస్తున్నది చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌కి, చక్రవర్తికి తెలిసిన పేరు అదే. జస్టిన్ చెప్పేదిది: ఆ రోజున ఊళ్లవాళ్లు, పల్లెలవాళ్లు ఒకచోట చేరతారు, లేఖనాలు చదువుతారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు, రాలేనివాళ్లకు పరిచారకులు ఇంటికే తీసుకెళ్తారు, అనాథలకూ విధవరాళ్లకూ చందా పోగుచేస్తారు. నాకు ఈ భాగం ఎన్నిసార్లు చదివినా మనసు నిండుతుంది. ఆదివారం ఆరాధనను రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ మొదలుపెట్టాడని మీతో ఎవరైనా అంటే ఈ పేజీ చూపించండి. 321లో ఆయన ఇచ్చింది సెలవు. అది కూడా కోర్టులకు, పట్నాల్లో పనులకు. రైతులు పొలం పని చేసుకోవచ్చన్నాడు.

అభ్యాసం: 112 ప్రాంతంలో రోమన్ రాష్ట్రమైన బితూనియ గవర్నరు ప్లినీ, క్రైస్తవులు 'ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే' కూడుకునేవారని చక్రవర్తి ట్రాజన్‌కు రాశాడు. రోజు పేరు చెప్పలేదు. అక్కడ ఆదివారం అని మీరు రాసుకోవచ్చా? సెలవు లేని ఆ కాలంలో తెల్లవారకముందే ఎందుకు కూడుకున్నారు? రెండింటికీ నాలుగు వాక్యాల్లో జవాబు రాసి, 5వ పాఠానికి దగ్గర ఉంచుకోండి.