తెర మీద 92 చూపించి తప్పిపోతే: గేముల్లో గెలుపు లెక్క చదివే పద్ధతి

మా తమ్ముడి కొడుకు సెలవులకి పర్లాకిమిడి వచ్చాడంటే నా పాత ల్యాప్‌టాప్‌కి గండమే. వాళ్లది పాతపట్నం. ఆటో ఎక్కితే వచ్చేస్తాడు, రాష్ట్రం మాత్రం మారిపోతుంది. మొన్న దసరాకి వచ్చి ఎక్స్‌కామ్ 2 అనే యుద్ధం గేము పెట్టాడు. 92 శాతం గురి అని చూపించింది. కొట్టాడు. తప్పింది. మౌస్ వెళ్లి గోడకి తగిలింది.

"ఏటత్తా ఇది, శుద్ధ మోసం! తొంభై రెండంటే తగలాల కదా?"

"మిగతా ఎనిమిదీ ఎటెళ్లిపోద్దిరా మరి?" అన్నాను.

నేను ప్లస్ టూ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. రాత్రి తొమ్మిదికి ఆఖరి బ్యాచి వెళ్లాక, కరెంటు ఉంటే, నేనూ ఆడతాను. వీధిలో ఎవరికీ తెలీదు, తెలిస్తే పిల్లల్ని మాన్పించేస్తారు. ఆ సెలవుల్లో వాడిని కూర్చోబెట్టి నేర్పించిందే ఇక్కడ రాస్తున్నాను. కావల్సినవి ఒక నోట్‌బుక్కు, పెన్సిలు, ఫోనులో క్యాలిక్యులేటరు.

ముందు, కనిపిస్తున్న అంకె ఏ ప్రశ్నకి జవాబో కనుక్కోండి. శాతం గుర్తు ఉన్నంత మాత్రాన అది గెలుపు శాతం కాదు. 2001లో వచ్చిన అడ్వాన్స్ వార్స్‌లో దాడికి ముందు 55 శాతం అని కనిపిస్తే, ఎదుటి దళానికి అంత నష్టం జరుగుతుందని అర్థం. తగులుతుందా లేదా అన్న మాటే అక్కడ లేదు, తగిలే తీరుతుంది. పైన అదృష్టం కొద్దీ 0 నుంచి 9 దాకా కలుస్తుంది, అంతే. ఎక్స్‌కామ్‌లో అంకె ఒక్క గుండుకి సంబంధించింది. 2005 నాటి సివిలైజేషన్ 4లో ఇద్దరిలో ఒకరు పడిపోయేదాకా సాగే మొత్తం పోరుకి ఒకే అంకె చూపిస్తుంది. అదే వరసలో 5, 6 వచ్చేసరికి శాతం తీసేసి స్వల్ప విజయం, భారీ విజయం అని మాటలు పెట్టారు. నాకది నచ్చలేదు. మార్కులు చెప్పకుండా "బాగానే రాశాడమ్మా" అంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

ఇక లెక్క చేతికి అలవాటు కావాలంటే బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే యుద్ధం గేము దించుకోండి. డబ్బులక్కర్లేదు, నా ల్యాప్‌టాప్ లాంటి ముసలిదాని మీద కూడా నడుస్తుంది. పైగా అది తన లెక్క ఏదీ దాచుకోదు. అందులో ఈటెవాడి బలం 7-3 అని రాసుంటుంది. అంటే మూడు పోట్లు, తగిలిన ప్రతి పోటుకీ 7 దెబ్బ. తగలడమనేది ఎదుటివాడు నిలబడ్డ నేలని బట్టి. గడ్డి మీదున్న ఓర్క్‌కి (శత్రువైపు రాక్షసుడు) 40 శాతం రక్షణ, కాబట్టి మన పోటు తగిలే వీలు 60.

ఆ ఓర్క్‌కి ఇంకా 14 ప్రాణం మిగిలిందనుకోండి. చంపాలంటే మూడింట్లో రెండు పోట్లు తగలాలి. మూడూ తగలడం 0.6 × 0.6 × 0.6, అంటే 21.6 శాతం. సరిగ్గా రెండే తగలడం మూడు రకాలుగా జరగొచ్చు, తప్పిపోయేది మొదటిది కావొచ్చు, రెండోది కావొచ్చు, మూడోది కావొచ్చు. కాబట్టి 3 × 0.6 × 0.6 × 0.4, అంటే 43.2. రెండూ కలిపితే 64.8. మధ్యలో మనవాడు చావడనుకుంటేనే సుమా. ఆటలో దాడి కిటికీ దగ్గర నష్టం లెక్క చూపించే బొత్తాం ఉంటుంది, అది ఎదురుదెబ్బలు కూడా కలుపుకునే లెక్క కడుతుంది.

ఇప్పుడు చీకటి పడనివ్వండి. ఈటెవాడు పగటి మనిషి, రాత్రి వాడి దెబ్బ 25 శాతం తగ్గి 7 కాస్తా 5 అవుతుంది. రెండే కదా తగ్గింది అనుకుంటాం. కానీ రెండు పోట్లకి 10, ఓర్క్ చావడు. మూడూ తగిలితేనే 15. అంటే 64.8 కాస్తా 21.6కి పడిపోయింది! ఆ 7 అన్నది సంజెవేళ దెబ్బ. మరి పగలైతే? దెబ్బ 9 అవుతుంది, కానీ అప్పుడూ రెండు పోట్లు తగలాల్సిందే. వీలు 64.8 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. నష్టం మెట్ల మీద దిగినట్టు దిగుతుంది, జారుడుబండ మీద జారినట్టు కాదు. ఈ ఒక్క ముక్క మావాడి తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది. అందుకే దాడికి ముందు రోజూ వాడిచేత ఒకటే అడిగించేదాన్ని: "ఎన్ని పోట్లు తగిలితే చస్తాడు?" శాతం సంగతి తర్వాత.

తర్వాతది గొలుసు లెక్క. మీ ఎత్తు పారాలంటే వరసగా నాలుగు 90 శాతం దెబ్బలూ తగలాలనుకోండి. 0.9ని నాలుగుసార్లు గుణిస్తే 65.6. ఏడు తగలాలంటే 47.8, సగం కన్నా తక్కువ. మావాడి ఎత్తులన్నీ ఇలాంటివే, ఒక్క గింజ జారితే దండంతా ఊడిపోతుంది. ఎత్తు వేసేటప్పుడు "ఇందులో ఎన్ని తగిలి తీరాలి" అని వేళ్ల మీద లెక్కపెట్టండి. మూడు దాటిందంటే వేరే దారి వెతకండి. దెబ్బల వరస కూడా మీ చేతిలోదే. అనుమానంగా ఉన్నవాడిని ముందు పంపి, గురి బాగున్నవాడిని వెనక అట్టేపెట్టుకోండి. ముందువాడు తప్పినా సర్దుకోడానికి మనిషి ఉంటాడు. మావాడు దీనికి సరిగ్గా తిరగేసి చేసేవాడు, బేగి కొట్టేయాలని.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి, వంతులు లేకుండా అందరూ ఒకేసారి కదిలే పరుగుల ఆటల్లో ఇలాంటి శాతాలేవీ కనిపించవు. అక్కడ 1916లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు పుస్తకంలో పెట్టిన వర్గాల లెక్క పనికొస్తుంది. సమానమైన విలుకాళ్లు మన వైపు 10, అటు 6 ఉన్నారు, అందరూ ఒకేసారి వేయగలరు. 100లోంచి 36 తీస్తే 64, దాని వర్గమూలం 8. అంటే ఆరుగురినీ చంపి మనం పోగొట్టుకునేది ఇద్దరినే. అటు 12 మంది ఒక్కసారి వస్తే 144 − 100 = 44, మనం అందరం పోయి వాళ్లకి ఆరుగురు, ఏడుగురు మిగులుతారు. అదే 12 మంది ఆరేసి చొప్పున రెండు విడతలుగా వస్తే? మొదటి విడత అయ్యాక మనకి 8 మంది. రెండో విడతకి 64 − 36 = 28, ఇంకా అయిదుగురం నిలబడే ఉంటాం. కాబట్టి గుణుపురం బండి దిగిన జనంలా ఒక్కొక్కడినీ పంపకండి, పోగయ్యాక పంపండి. ఇరుకు దారిలో కత్తులవాళ్లకి ఈ లెక్క చెల్లదు. అక్కడ ముందు వరసే కొట్టుకుంటుంది, వెనకవాళ్లు చూస్తూ నిలబడతారు.

ఇంత లెక్క కట్టాక ఇంకో పేచీ ఉంది. తెర మీద అంకె నిజమేనా?

కొన్ని ఆటల్లో కాదు. మామూలుగా ఆట లోపల లాటరీలా 0 నుంచి 99 దాకా ఒక అంకె తీస్తుంది, అది తెర మీది శాతం కన్నా తక్కువైతే తగిలినట్టు. 2002 నాటి బైండింగ్ బ్లేడ్ నుంచి ఫైర్ ఎంబ్లమ్ ఆటలు చాలావాటిలో 0 నుంచి 99 దాకా ఒక అంకె బదులు రెండు తీసి, వాటి సగటుతో పోల్చి చూస్తారు. ఎందుకు తేడా వస్తుందో చింతపిక్కలతో చూపించాను. ఒక వైపు అరగదీసిన నాలుగు పిక్కలు వేస్తే పదహారు రకాలుగా పడతాయి. అందులో రెండు తెల్లగా పడేవి ఆరు, నాలుగూ తెల్లగా పడేది ఒక్కటే. అష్టాచెమ్మా ఆడిన ఇంట్లో ఇది చెప్పక్కర్లేదు. రెండు అంకెల సగటూ అలాగే, నడిమికి ఎక్కువగా వస్తుంది, చివర్లకి అరుదుగా. దాంతో తెర మీద 90 అని ఉన్నది నిజానికి 98.1. 75 అంటే 87.75. కింద వైపు తిరగబడుతుంది, 30 అన్నది 18.3, 10 అన్నది 2.1. మామూలుగా మనవాళ్లకే గురి ఎక్కువ, శత్రువుకి తక్కువ, అంచేత లాభం మనకే.

ఎక్స్‌కామ్ 2 తేలిక స్థాయిల్లో కూడా చాటు సాయం ఉంది. గురి తప్పాక తర్వాతి గుండుకి కాస్త కలుపుతుంది, తెర మీద చెప్పదు. అన్నిటికన్నా కష్టమైన లెజెండ్ స్థాయిలో ఆ సాయం ఉండదు. అంటే మావాడు మోసం మోసం అని అరిచింది వాడి వైపే చేసిన మోసం గురించి!

ఇలా ఎందుకు చేస్తారో సివిలైజేషన్ కర్త సిడ్ మైయర్ 2010లో గేమ్ తయారీదారుల సదస్సులో చెప్పారు. తమ బలం మూడు, ఎదుటివాడిది ఒకటి అని చూపిస్తే ఆడేవాళ్లు ఓటమిని ఒప్పుకోరట. తమది ఒకటి, ఎదుటివాడిది మూడు అయినా గెలిచినప్పుడు మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యరట. అందుకని సివిలైజేషన్ రివల్యూషన్‌లో అంతకుముందు పోరు ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నామన్నారు. ఏటి చేస్తాం, మా ట్యూషన్లో తల్లిదండ్రులూ ఇంతే. మార్కులు తగ్గితే పేపరు దిద్దినవాడిది తప్పు, పెరిగితే పిల్లాడి తెలివి.

ఇంకోటి. తప్పిన గుండుని సేవ్ నుంచి మళ్లీ తెరిచి కొడితే ఎక్స్‌కామ్‌లో మళ్లీ తప్పుతుంది. తర్వాత రాబోయే అంకె సేవ్‌తో పాటే దాగి ఉంటుంది కాబట్టి. వేరేవాడితో ముందు కొట్టిస్తే ఆ చెడ్డ అంకె వాడి ఖాతాలో పోతుంది. నేను ఇది చేస్తాను, సిగ్గేమీ లేదు.

మీ ఆట నిజం చెప్తోందో లేదో మీరే పట్టుకోవాలంటే నోట్‌బుక్కులో ఒక గడి గీయండి. 75 శాతం చూపించిన దాడులే రాయండి, మిగతావి వదిలేయండి. తగిలితే నిలువు గీత, తప్పితే సున్నా. కోపం వచ్చినప్పుడే రాసి, తగిలినప్పుడు మర్చిపోతే లెక్క పాడైపోతుంది. ఇరవై చాలవు. నిజంగా 75 అయినా ఇరవైలో 11 నుంచి 19 దాకా ఎన్నయినా తగలొచ్చు. వంద కావాలి. వందలో 66 నుంచి 84 లోపు తగిలితే ఆట చెప్పిన మాట మీద నిలబడ్డట్టే. 88 దగ్గర ఉంటే వెనక చెయ్యి ఎవరిదో ఉంది. వెస్నోత్‌లో ఈ శ్రమ అక్కర్లేదు, మెనూలో గణాంకాలు తెరిస్తే రావాల్సిన నష్టమూ, వచ్చిన నష్టమూ పక్కపక్కనే ఉంటాయి.

మావాడు ఎక్స్‌కామ్ గడిలో 63 దాకా రాశాడు, అందులో 50 తగిలాయి. 75 అయితే 47 రావాలి, 88 అయితే 55. అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం. నోట్‌బుక్కు నా బీరువాలో పెట్టి వెళ్లాడు. మిగతా 37 సంక్రాంతికి వచ్చి కొడతానన్నాడు, కొత్త మౌస్ మాత్రం వాడే తెచ్చుకోవాలన్నాను.